వేదవల్లి మేడం పాత గొంతు

మా బడిలో నా లెక్కల క్లాసుకూ వేదవల్లి మేడం ఇంగ్లీషు క్లాసుకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క గోడ. ఆ గోడ కట్టిన మేస్త్రీ సిమెంటు దగ్గర పొదుపు చేశాడో, ఆవిడ గొంతే అలాంటిదో తెలియదు గానీ, ఏళ్ల తరబడి నేను చెప్పిన బీజగణితంలో సగం ఇంగ్లీషు కలిసిపోయేది. ఇక్కడ నేను ఒకణ్ని లేపి ఎక్స్ విలువ ఎంతరా అని అడిగితే, అక్కడినుంచి ఆవిడ "వెరీ గుడ్, సిట్ డౌన్" అనేవారు. వీడు నోరు విప్పకుండానే కూర్చునేవాడు. నేను రెండు మూడుసార్లు హెడ్మాస్టరమ్మ చంద్రకాంతమ్మ గారి దగ్గర మొత్తుకున్నాను. ఆవిడ నవ్వేసి, నీ లెక్కలు కూడా కాస్త గట్టిగా చెప్పుకోవయ్యా అని పంపించేశారు.

నా పేరు మునిప్రసాద్. నగరివాణ్ని. ఊళ్లో సగం మందిలాగే మాదీ మరమగ్గాల ఇల్లు. వేదవల్లి మేడంది తిరుపతి. పొద్దున్నే పుత్తూరు మీదుగా వచ్చే బస్సెక్కి బడికి వచ్చి, సాయంత్రం అదే దారిన వెళ్తారు. వాళ్ల నాన్నగారు గుళ్లో పాశురాలు చదివే గోష్ఠిలో ముందు వరసలో నిలబడేవారట. తమ్ముడు శేషసాయి ఇప్పటికీ నిలబడతాడు. ఆడపిల్లకు ఆ గోష్ఠిలో చోటు లేదు గనక, నాన్న దగ్గర నేర్చుకున్న ఉచ్చారణంతా తెచ్చి మీ నగరి పిల్లల నెత్తిన రుద్దుతున్నానని ఆవిడే నవ్వుతూ చెప్పేవారు. పాఠం చదివితే ఒక్క అక్షరం మింగేవారు కాదు. చదువుతున్నంతసేపూ మా పిల్లలు కిటికీలోంచి బయటికి చూడటం కూడా మరిచిపోయేవాళ్లు. ఆవిడకు నగల మీద మోజు లేదు, చీరల మీదా లేదు. ఉన్న గర్వమంతా ఆ గొంతు మీదే.

కిందటి వేసవి సెలవుల్లో ఆవిడకు వేలూరులో థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. గడ్డ గొంతు నరాన్ని చుట్టుకుని ఉందట. గడ్డ పోయింది, ప్రాణభయం లేదు, కానీ గొంతు కూడా పోయింది. పక్కన కూర్చుంటే మాట వినపడుతుంది, బల్ల అవతలికి జరిగితే ఒట్టి గాలే మిగులుతుంది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, బలవంతాన పెంచితే మాత్రం ఉన్నది కూడా ఊడుతుందని డాక్టరు చెప్పాడట.

జూన్‌లో బడి తెరిచాక నేనూ చంద్రకాంతమ్మ గారూ తిరుపతి వెళ్లి చూసొచ్చాం. మేడం భర్త శ్రీమన్నారాయణ గారు నెమ్మదస్తుడు. ఇన్నేళ్లు చెప్పింది చాలు, స్వచ్ఛందంగా విరమణ తీసుకుని ఇంట్లో సుఖంగా ఉండమంటున్నానని మాతో అన్నారు. మేడం మాత్రం దసరా దాకా సెలవు పెట్టారు. సెలవులయ్యాక ఒక్కసారి క్లాసులో నిలబడి చూస్తారట. పాఠం పిల్లలకు అందకపోతే దీపావళి లోపే విరమణకు రాసిచ్చేస్తారట. ఈ మాట నాకు వినిపించడానికి ఆవిడ కుర్చీని నా పక్కకు లాక్కోవాల్సి వచ్చింది.

"చదివి వినిపించలేని ఇంగ్లీషు టీచరు ఎందుకు సార్," అన్నారు. "జీతానికి వచ్చి కూర్చోవడం నా వల్ల కాదు."

కాఫీ తాగి వచ్చేశాను. నాకు చాలా బాధేసింది.

ఆ నెలల్లో ఎనిమిదో తరగతి ఇంగ్లీషు ఎవరికి తీరిక ఉంటే వాళ్లం చెప్పాం. నేను కూడా చెప్పాను. దాని సంగతి ఎత్తకపోవడం ఇంగ్లీషుకే మంచిది. ఆ పిల్లలు జూన్‌లోనే పక్కనున్న ప్రాథమికోన్నత పాఠశాల నుంచి మా బడికి వచ్చినవాళ్లు. మేడం పేరు వినడమే గానీ మనిషిని చూడలేదు.

ఆవిడ ఇంట్లో ఊరికే కూర్చోలేదు. మొదట మెడలో తగిలించుకునే మైకు తెప్పించి చూశారు. ఆ మైకు గొంతును పెంచలేదు, గొంతులోని గాలిని పెంచింది. సైకిలు ట్యూబు పంచరైనట్టు ఉందని ఆవిడే దాన్ని తీసి బీరువాలో పడేశారు. తర్వాత ఆవిడ దృష్టి మా డిజిటల్ బోర్డు మీద పడింది.

ప్రభుత్వం బళ్లకిచ్చిన ఆ బోర్డు మా ఎనిమిదో తరగతి గదిలో గోడకు ఉంటుంది. వేలితో రాస్తే రాత పడుతుంది, బొమ్మలు కదులుతాయి, పాఠాలు మాట్లాడతాయి. మేము మాత్రం దాన్ని పెద్ద టీవీ అనేవాళ్లం. దుమ్ము పడకుండా పిల్లల తల్లిదండ్రులు మగ్గం గుడ్డతోనే కవరు కుట్టించి ఇస్తే, ఆ కవరు కప్పి పదిలంగా దాచాం. శిక్షణకు వెళ్లొచ్చిన మాలో చాలామందికి దాన్ని ఆన్ చేయడమూ ఆఫ్ చేయడమూ చక్కగా వచ్చు.

మేడం కూతురు శ్రీకరి డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయికే ఒక సంగతి గుర్తొచ్చింది. కరోనా కాలంలో బడులు మూసినప్పుడు వాళ్లమ్మ పాఠాలన్నీ ఫోన్లో చదివి పిల్లల గ్రూపుల్లో పెట్టేది. పాత ఫోను వెతికి చార్జింగు పెడితే అవన్నీ అందులోనే ఉన్నాయి. కొన్నింటి వెనక కుక్కరు విజిల్ ఉంది, ఒకదాంట్లో కూరగాయల బండివాడి కేక ఉంది. అయితేనేం, గొంతు ఉంది. మేడం పాత గొంతు, ఒక్క అక్షరం మింగని గొంతు.

అప్పటినుంచి తల్లీకూతుళ్లకు అదే పని. పాఠ్యపుస్తకాలు మారాయి గనక పనికొచ్చేవి ఏరుకున్నారు. ఒక్కో పేరాకు ఒక్కో బొమ్మ, బొమ్మ పక్కన కొత్త మాటలు, మాట మీద వేలు పెడితే పాత గొంతు దాన్ని పలికేటట్టు అమర్చుకున్నారు. మార్కెట్టు గురించిన పాఠానికి ఎక్కడిదో విదేశీ బొమ్మ పెట్టకుండా మా నగరి సంత ఫొటో పంపమని నన్నడిగారు. పంపాను. అందులో మా బావమరిది టమాటాలు బేరమాడుతూ ఉన్నాడు. ఆయన ఇప్పటికీ ఎనిమిదో తరగతి ఇంగ్లీషులో ఉన్నాడు.

సెప్టెంబరులో శనివారాలు పిల్లలు వెళ్లిపోయాక మేడం బడికొచ్చి ఆ బోర్డు మీద సాధన చేసేవారు. తోడుగా నేను కూర్చునేవాణ్ని. మొదట్లో కాలిన పెనాన్ని తాకినట్టు వేలు పెట్టి లాక్కునేవారు. పేజీ ఒకటి తిప్పబోతే రెండు తిరిగేవి. నాలుగో వారానికి చెయ్యి కుదిరింది. ఆ రోజు పాఠమంతా ఒక్క తప్పు లేకుండా నడిపించి, ఆఖర్న కథ మొదటినుంచి వినపడేటట్టు పెట్టి, తను వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. తుపానులో పడవ చిక్కుకునే కథ అది. ఖాళీ గదంతా ఆ గొంతు నిండిపోయింది. దూరమైపోయిన సొంత అక్క మాట వింటున్నట్టు కళ్లు మూసుకుని విన్నారు. నేను బయటికి వెళ్లిపోయి వరండాలో నిలబడ్డాను. పక్కగోడ అవతలినుంచి అన్నేళ్లు నన్ను విసిగించిన గొంతు కోసం నాకూ కళ్లు చెమర్చాయి.

ఇంతా అయ్యాక దసరా వచ్చింది.

నగరిలో ఆయుధపూజ అంటే మగ్గాల పండగ. ఏడాదంతా ఆగకుండా ఆడే మరమగ్గాలు ఆ రోజు ఆగుతాయి. వాటిని కడిగి, పసుపు రాసి, చందనం పెట్టి, చుట్టూ కుంకుమ బొట్లు పెట్టి దండం పెట్టుకుంటారు. ఆ ఇళ్లల్లో పుట్టిన పిల్లలు బడిని మాత్రం వదులుతారా? సెలవులకు ముందు ఆఖరి రోజు బడిలో కనపడ్డ వస్తువుకల్లా పూజ చేశారు. గంటకు చేశారు, సైన్సు గదిలో త్రాసుకు చేశారు, బల్ల మీద వృత్తాలు గీసే నా కొయ్య వృత్తలేఖినికి కూడా బొట్టు పెట్టారు. డిజిటల్ బోర్డుకైతే అన్నిటికన్నా ఘనంగా చేశారు. సెలవులయ్యాక వేదవల్లి మేడం వచ్చి మీకు దీంతోనే పాఠం చెప్తారని మేమందరం చెప్పి ఉన్నాం మరి. తెర మీద చెయ్యి వేయొద్దని కూడా చెప్పి ఉన్నాం. అందుకని తెర జోలికి పోకుండా, నాలుగు పక్కలా అంచు పొడవునా పసుపూ చందనమూ మందంగా మెత్తి, సందు లేకుండా కుంకుమ బొట్లు పెట్టారు. చంద్రకాంతమ్మ గారు హారతిచ్చారు. మళ్లీ కవరు కప్పి, బడికి తాళం వేసి ఇళ్లకు వెళ్లాం.

బడి తెరిచిన రోజు మేడం మొదటి బస్సుకే వచ్చారు. తెల్లటి చీర, నుదుట సన్నటి తిరుచూర్ణం, చేతిలో పెన్‌డ్రైవు. పిల్లలు లేచి నిలబడి ఒక్క గొంతుతో గుడ్ మార్నింగ్ చెప్పారు. కవరు తీసి ఆ బొట్లు చూసి ఆవిడ మురిసిపోయి దండం పెట్టుకున్నారు. తుడవడానికి మనసొప్పలేదని తర్వాత చెప్పారు. నేను పక్క గదిలో చాక్‌పీసు పట్టుకుని నిలబడి చెవి గోడకేసి ఉన్నాను. పాత గొంతు వినపడింది. అమ్మయ్య అనుకుని నా నల్లబల్ల వైపు తిరిగాను.

అంతలో ఆ గొంతు ఆగింది. మళ్లీ మొదలై, రెండు మాటలు పట్టుకుని అవే అవే పలికి, ఇంకో పాఠంలోకి దూకి, అక్కడా ఆగిపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆ బోర్డు అంచులో కంటికి కనపడని వెలుతురు కిరణాలు అడ్డంగా నిలువుగా పోతుంటాయట. మన వేలు వాటికి అడ్డం పడితేనే అది కనిపెడుతుంది. ఈ సంగతి మాకు ఆ సాయంత్రం కంపెనీ అబ్బాయికి ఫోను చేసినప్పుడు గానీ తెలియలేదు. పిల్లలు పెట్టిన బొట్లన్నీ ఆ కిరణాలకు వేళ్లలాగే కనిపించాయి. వందమంది ఒకేసారి చేతులు పెట్టినట్టు పేజీలు వాటంతటవే తిరిగాయి, గీతలు వాటంతటవే పడ్డాయి. మేడం ఆపి మళ్లీ పెట్టారు. అదే వరస.

నేను కాసేపు ఆగి, నా పిల్లలకు ఒక లెక్కిచ్చి వరండాలోకి వచ్చి కిటికీలోంచి చూశాను. మేడం బోర్డు ఆపేసి, పక్కనున్న పాత నల్లబల్ల మీద కథలోని మాట ఒకటి రాసి, పిల్లల వైపు తిరిగి మాట్లాడుతున్నారు. ముఖం పాలిపోయి ఉంది. చేతులతో కెరటాలు చూపిస్తున్నారు, పడవ ఒరగడం చూపిస్తున్నారు. కిటికీ దగ్గర నాకు ఒక్క ముక్క వినపడలేదు. గది నిశ్శబ్దంగా ఉంది. వెనక బెంచీల వాళ్లు లేచొచ్చి ముందు నేల మీద కూర్చున్నారు. ఒక్కడి చూపు కూడా పక్కకు పోవడం లేదు. అందరూ ఆవిడ నోటి వంకే చూస్తున్నారు, వాళ్ల పెదవులు కూడా ఆవిడ పెదవులతో పాటే కదులుతున్నాయి.

ఆవిడ ఏదో అడిగారు. రెండో బెంచీలో లోహిత లేచి ఇంగ్లీషులో జవాబు చెప్పింది. తర్వాత ఇంకొకడు చెప్పాడు. తప్పులున్నాయి, కానీ అడిగినదానికే జవాబు. నాకు విషయం అర్థమై నవ్వొచ్చింది. మేడంకు మాత్రం అర్థం కాలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆవిడ టిఫిన్ బాక్సు మూత కూడా తీయలేదు. పిల్లలు మంచివాళ్లు, నా మీద జాలిపడి అర్థమైనట్టు నటించారు, ఇంక లాభం లేదు, విరమణకు రాసిచ్చేస్తాను అన్నారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"జాలి గాదు మేడం," అన్నాను. "వాళ్లు మీ గొంతు యాడ ఇన్నారు? మీ నోరు సూసినారు."

ఆవిడ నమ్మలేదు. లేవండి అని వరండాలోకి తీసుకెళ్లాను. వంట పాక మా గదికి బాగా దూరం. మధ్యలో పిల్లలూ, పళ్లేల మోతా. అవతల గరిటె పట్టుకుని ఆనందమ్మ నిలబడి ఉంది, మా వీధిలో మగ్గాల ఇంటి మనిషే. నేను గొంతు తీయకుండా ఒట్టి పెదవులతో, పొద్దున మీవాడికి జ్వరం తగ్గిందా అని అడిగాను. ఆనందమ్మ అక్కణ్నుంచే, అట్లాగే పెదవులతో, తగ్గింది, రేపు బడికొస్తాడు, నువ్వు తింటివా అంది. నేను ఆ మాటలు పైకి చెప్పాను. మేడం నమ్మలేక స్వయంగా వెళ్లి ఆనందమ్మను అడిగి వచ్చారు.

"మా ఇళ్లల్లో మగ్గాలు ఆడతా ఉంటే యెవురి మాట యెవురికి ఇనపడతాది మేడం?" అన్నాను. "మాయమ్మ నన్ను తిట్టిన తిట్లన్నీ నేను కండ్లతో ఇన్నవే. ఈ పిల్లోళ్లకు నోరు సూడ్డం ఉగ్గుపాలతో వచ్చింది. మీరు గట్టిగా చెప్పే పనేల్యా. వాళ్లకెదురుగా నిలబడి నిదానంగా చెప్పండి, సాలు."

ఆవిడ లోపలికి వచ్చి కూర్చున్నారు. తర్వాత టిఫిన్ బాక్సు మూత తీశారు. పులిహోర నాకూ పెట్టారు.

సాయంత్రం కంపెనీ అబ్బాయి చెప్పినట్టు బోర్డు అంచులు తడిగుడ్డతో తుడవాలి. పూజ చేసిన బొట్లు చెరపడమంటే మేడంకు ప్రాణం ఒప్పలేదు. పిల్లలు నొచ్చుకుంటారేమోనని మర్నాడు వాళ్లనే అడిగారు. పూజ అయినాక మగ్గాన్ని తుడిసే కదా మేడం తిప్పేది అని వాళ్లే బకెట్టు తెచ్చి తుడిచేశారు.

అప్పటినుంచి ఆవిడ పాఠానికి తయారయ్యే పద్ధతి మారింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి పాఠం చెప్పుకునేవారట. బల్ల మీద రాసేటప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడేటప్పుడు అటు తిరగకూడదు. కిటికీ వెలుతురు వీపు మీద కాదు, ముఖం మీద పడాలి. కొత్త మాటయితే పెదవులను చూసి పోల్చుకోలేరు గనక ముందు బోర్డు మీద చూపించి, తర్వాత పలకాలి. వెనక బెంచీల వాళ్లు రోజూ నేల మీద కూర్చోవడం చూడలేక, శ్రీకరి చేత నేర్చుకుని ఫోనును స్టాండు మీద ఎదురుగా పెట్టి, తన ముఖం బోర్డు మీద పెద్దగా కనపడేటట్టు చేశారు. మొదటిరోజు అంత పెద్ద తన ముఖాన్ని చూసి సిగ్గుపడి, ఇదేమిటి సార్, గోపురం మీద బొమ్మలా ఉన్నాను అన్నారు. వెనకవాళ్లకు మాత్రం అప్పుడే ఇంగ్లీషు పూర్తిగా దక్కింది.

అయినా ఆవిడ మనసులో తృప్తి లేదు. నాకది తెలుస్తూనే ఉంది. చెప్పడం వేరు, చదివి వినిపించడం వేరు. కథను అసలు ఎలా చదవాలో ఈ పిల్లలు విననే లేదు, అది వాళ్లకు అందకపోతే నేను ఉండి ఏం లాభం అనేవారు. దీపావళి దగ్గరపడింది. శ్రీమన్నారాయణ గారు ఏ సంగతో తేల్చమని ఇంట్లో మెల్లిగా అడుగుతున్నారట. ఒక శుక్రవారం మేడం తన క్లాసుకు నన్నూ రమ్మన్నారు. నాకు ఖాళీ పీరియడు. వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆవిడ బోర్డు మీద తన ముఖం తీసేసి, పడవ కథ బొమ్మ పెట్టి, పాత గొంతు మీద వేలు పెట్టారు. ఈసారి ఎక్కడా ఆగలేదు. తుపాను, కెరటాలు, పడవలో వాళ్ల భయం, అన్నీ ఆ గొంతులో పలికాయి. నేను నా ఇన్నేళ్ల కోపాలన్నీ మరిచిపోయి విన్నాను. మేడం గోడవారగా నిలబడి పిల్లల ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నారు. వాళ్లు మర్యాదగా వింటున్నారు. చూపు మాత్రం తెర మీద ఒక చోట నిలవక, బొమ్మలో దేనికోసమో వెతుకుతోంది.

కథ సగంలో ఉండగా లోహిత చెయ్యెత్తింది. మేడం ఆ గొంతును ఆపారు.

"అది చదివేది యెవురు మేడం?" అని అడిగింది లోహిత.

నేనే అని మేడం పెదవులు కదిపారు. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బడి తెరిచిన రోజు తెగిపోయిన నాలుగు ముక్కలు తప్ప ఆ గొంతును వాళ్లు పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ వినలేదు. మేడం మనసు కష్టపెడుతున్నానని లోహితకు తెలుస్తూనే ఉంది.

"బాగా సదవతా ఉండారు మేడం," అంది. "కానీ ఆయమ్మ మాకు తెలీదు. దాన్ని ఆపేసి మీరే సెప్పండి."

మేడం అక్కడే బల్ల పట్టుకుని నిలబడిపోయారు. ఏడ్చారు. పిల్లల ముందు దాచుకోలేదు. ఏడుస్తూనే నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుని, పడవ బొమ్మ తీసేసి తన ముఖం మళ్లీ తెర మీదికి తెచ్చుకున్నారు. కథ మొదటి వాక్యం దగ్గరికి వెళ్లి, ఒక్కో మాటా నిదానంగా, ఒక్క అక్షరం మింగకుండా పెదవులతో చదవడం మొదలుపెట్టారు. పిల్లల పెదవులు కదిలాయి. వెనక బెంచీలో నాకు చప్పుడేమీ వినపడలేదు. తెర మీద ఆవిడ నోటి వంక చూస్తూ కూర్చున్నాను. తుపాను వచ్చింది, పడవ ఒరిగింది, ఒడ్డుకూ చేరింది. ఆ సాయంత్రం బస్సెక్కే ముందు ఆవిడ చంద్రకాంతమ్మ గారి దగ్గరికి వెళ్లి, వచ్చే ఏడాది ఈ పిల్లలకు తొమ్మిదో తరగతి ఇంగ్లీషు కూడా తనకే వేయమని అడిగారు.